ఎవరి చెయ్యి పడింది?

మా బావ పెద్దకర్మ రోజు హాల్లో పెట్టిన ఫొటోలో ఆయన జేబుకు పెన్ను ఉంది. దాన్ని చూడగానే నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాను. బతికున్నన్నాళ్ళూ ఆ జేబులో పెన్ను పెట్టుకున్న మనిషి కాదు ఆయన. అక్కడ ఎప్పుడూ ఒక టెస్టరు ఉండేది. పసుపుపచ్చ పిడి, కరెంటు ఉన్నచోట ఆనిస్తే పిడి లోపల చిన్న లైటు ఎర్రగా వెలిగేది. పెళ్ళి ఫొటోలో పట్టుచొక్కా జేబుకు కూడా అదే. హాల్లో పెట్టిన ఈ ఫొటో పెద్దది చేసేటప్పుడు స్టూడియో అతను ఇదేదో బాగాలేదని కంప్యూటర్లో టెస్టరును చెరిపేసి, ఆ జాగాలో పెన్ను అతికించాడట. పోయాకైనా ఆయన చదువుకున్నవాడిలా కనిపించాడు.

భోజనాల దగ్గర అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "ఆయన చెయ్యి పడితే బాగుపడని వస్తువు లేదండి" అన్నాడు. నేను తలూపి వంకాయ కూర వేయించుకున్నాను. బావను చాలా ఏళ్ళు దగ్గరగా చూసినవాణ్ణి. ఆయన చేతుల్లో బాగుపడిన వస్తువు ఒక్కటీ గుర్తుకు రాలేదు. బాగుపడ్డవి వాటంతట అవి బాగుపడ్డాయి, లేదంటే ఆయన పనికి వెళ్ళిన సమయం చూసుకుని అక్క ఎవరినో పిలిపించి బాగుచేయించింది. పోయిన మనిషిని ఇలా అనవచ్చునా అని నన్ను అడగకండి. నాకు ఆయనంటే ఒళ్ళుమంట, ఆయన పోయినా అది పోలేదు.

ఆయన తెనాలిలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. బస్తాల లెక్క రాయడం ఆయన ఉద్యోగం. అయితే మిల్లులో మోటార్లు ఉన్నాయి. మోటార్ల పక్కన కూర్చుని లెక్కలు రాసే మనిషికి మోటార్ల సంగతి తెలియకుండా ఉంటుందా అని మా వాళ్ళందరి నమ్మకం. హోటలు పక్కింట్లో ఉన్నవాడికి వంట వచ్చినట్టన్నమాట. అక్కకు ఎనభైల మొదట్లో ఆయనతో పెళ్ళయింది. అప్పటినుంచీ మా చుట్టాల్లో ఎవరింట్లో ఫ్యాను ఆగినా, రేడియో మూగబోయినా తెనాలికి కబురు వెళ్ళేది. ఆయన మహా ఇష్టంగా వచ్చేవాడు.

వచ్చి ఏం చేసేవాడంటే, ముందు కుర్చీ వేయించుకునేవాడు. పాడైన వస్తువు వైపు చూసేవాడే కాదు. టెస్టరు తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ ఇంట్లో ఉన్నవాళ్ళ మొహాలన్నీ వరసగా చూసి, "దీనిమీద ఎవరి చెయ్యి పడింది?" అని అడిగేవాడు. ఆయన దృష్టిలో యంత్రాలు పాడైపోవు, ఎవరో పాడుచేస్తారు. ఆ చేసినవాళ్ళు దొరికితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం పని ఆయన ఎప్పుడూ చేయలేదు.

మా నాన్న ట్రాన్సిస్టరుకు బ్యాటరీలు దండగని ఎలిమినేటరు కొన్నాడు. గోడ ప్లగ్గులో పెడితే రేడియోకి సరిపడా కరెంటు ఇచ్చే చిన్న పెట్టె. బావ మా ఊరు వేమూరు వచ్చి దాని వైర్లు అటువి ఇటూ ఇటువి అటూ కలిపాడు. రేడియో ఒక్కసారి 'కర్ర్' మని ఆగిపోయింది. "మావయ్యగారు ఎక్కువసేపు వింటారు, అదీ దీని జబ్బు" అని తేల్చాడు. "నేను వినేది ప్రాంతీయ వార్తలే కదయ్యా" అన్నాడు నాన్న, ఏదో నేరం చేసినవాడిలాగా. మా అమ్మకు మిక్సీ విషయంలో ఇలాంటి విచారణే జరిగింది. "తడి చేత్తో పట్టుకున్నారా అత్తయ్యగారూ?" అని అడిగాడు. అమ్మ కాదంది. "పొడి చేత్తో అయితే ఇలా అవదే!" అన్నాడు. ఆ తర్వాత అల్లుడు వేమూరులో ఉన్నన్నాళ్ళూ అమ్మ కొబ్బరిపచ్చడి రోట్లోనే రుబ్బేది. మిక్సీ అల్మైరా మీద గుడ్డ కప్పుకుని ఉండేది.

అన్నిటికంటే బాగా గుర్తున్నది టీవీ. తెనాలిలో వాళ్ళ వీధికి అది మొదటి టీవీ. తలుపులున్న చెక్క పెట్టెలో ఉండేది, దానికి తాళం, ఆ తాళంచెవి ఆయన మొలతాడుకు. ఆదివారం సాయంత్రం సినిమాకు వీధి వీధంతా వచ్చి చాపల మీద కూర్చునేది. పక్కింటి మాస్టారు మాత్రం కుర్చీలో కూర్చునేవారు. ఆయన లూథరన్ క్రైస్తవులు, మిషన్ బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. బావకు లోకంలో ఎవరైనా తనను మంచివాడు అనుకోవాలని ఉందంటే ఆ మాస్టారొక్కరే. మాస్టారి కోసం ఆయన కుర్చీని స్వయంగా తుడిచేవాడు. ఒకసారి మాస్టారు "మీరు చాలా పద్ధతైన మనిషండి" అన్నారట. దాన్ని బావ ఏడాదిపాటు అందరికీ వినిపించాడు.

సినిమా వేసేటప్పుడు లైట్లు తీసేయాలన్నది ఆయన నియమం. ఒక ఆదివారం, చలికాలం కాబట్టి ఫ్యాను కూడా లేదు. కథ మంచి పట్టులో ఉండగా టీవీ టక్కున ఆగిపోయింది. బావ చీకట్లోనే లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరూ కదలకండి. ఎవరి చెయ్యి పడింది?" అన్నాడు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. "నేను కాదు బాబాయ్" "నేను కాదు మావయ్యా" అని ఒక్కొక్కళ్ళే చెప్పుకున్నారు. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్క వంతు వచ్చింది. "నేను కాదండి" అంది. ప్రతిసారీ అలాగే అనేది, ప్రతిసారీ చివరికి ఆయన ఆమె దగ్గరే ఆగేవాడు. "స్టెబిలైజరు మీద దుమ్ము తుడిచావు కదూ?" అన్నాడు. అప్పటికి మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి, "కరెంటు పోయిందండి, వీధంతా చీకటిగా ఉంది" అన్నారు. బావ తొణకలేదు. "అది నాకు తెలుసు మాస్టారూ. పోకముందు ఎవరి చెయ్యి పడిందని అడుగుతున్నాను" అన్నాడు.

ఇదంతా నవ్వుకునే సంగతిలాగే ఉంటుంది. మేమూ నవ్వుకునేవాళ్ళం. కానీ ఆ ఇంట్లో అక్క ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాలన్నా ముందు వీధి వైపు చూసి, స్కూటరు చప్పుడు లేదని తేల్చుకుని పెట్టేది. పెళ్ళికి ముందు ఆమె ఇలాంటి మనిషి కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు, ఇంగ్లీషు రెండూ హయ్యరు పాసయింది. ఆమె కొడుతుంటే ఇన్‌స్టిట్యూట్ మేష్టారు మిగతావాళ్ళని ఆపి చూడమనేవారట. పెళ్ళయ్యాక ఆమె చేతివేళ్ళకు చపాతీ పిండి తప్ప పని లేదు. ఆ మాట నేను అంటే, "పిండి పాడుచేశావని అడగరు కదరా, హాయి" అనేది.

తొంభైల చివర్లో నేను రేపల్లెలో ఉండేవాణ్ణి. రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో ఉద్యోగం. చెరువుల నీళ్ళు పరీక్ష చేసి, మేత ఎంత వేయాలో రైతుకు రాసిచ్చేవాళ్ళం. అది ఇంగ్లీషులో ఉండేది. రైతులు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మర్నాడు మళ్ళీ నా దగ్గరికే తెచ్చి, "ఇందులో ఏం రాశావో చదివిపెట్టు బాబూ" అనేవాళ్ళు. చివరికి బాపట్ల ఆఫీసులో మేనేజరు విసిగిపోయి, ఇకమీద తెలుగులోనే ఇద్దాం, తెలుగు బాగా కొట్టగలిగేవాళ్ళు ఉంటే చూడు అన్నాడు. కంపెనీ ల్యాప్‌టాప్‌లో తెలుగు అక్షరాలు పాత టైపు మిషను వరసలోనే వచ్చేవి. నాకు వెంటనే అక్క గుర్తొచ్చింది. మేనేజరు ఒప్పుకుని, దసరా వెళ్ళగానే తీసుకురా, నా ముందు కూర్చుని కొట్టి చూపించమను, నచ్చితే ఉద్యోగం అన్నాడు. ఆమెకు అలవాటు కోసం ల్యాప్‌టాప్ పండగ సెలవుల్లో నా వెంట తెనాలి తీసుకెళ్ళనిచ్చాడు.

అక్క దాని ముందు కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మొదట ఒక్కో మీటా వెతుక్కుంది. కాఫీ చల్లారేలోపు వేళ్ళకు అన్నీ గుర్తొచ్చేశాయి. మీటలు మెత్తగా ఉన్నాయని నవ్వింది. కూతురు గుంటూరు హాస్టల్లో చదువుతోంది, పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ ఉద్యోగం కావాలని నోరు తెరిచి నాతో చెప్పింది. "ఒరేయ్, ఇది తప్పిపోతే నాకు ఇంకోటి రాదురా" అంది. అంతకు ముందుగానీ తర్వాతగానీ ఆమె నన్ను ఏదీ అడగలేదు.

బావ వద్దనలేదు. వద్దనే మనిషయితే ఎదిరించవచ్చు. "వెళ్ళనీ, కానీ రైల్లో ఆడవాళ్ళకు ఇబ్బంది కదా" అన్నాడు. ఆడవాళ్ళ పెట్టె ఉందన్నాను. అయితే మధ్యాహ్నం భోజనం మాటేంటన్నాడు. అక్క పొద్దున్నే వండి పెట్టి వెళ్తానంది. చల్లారిన అన్నం తనకు పడదన్నాడు. హాట్‌బాక్సు తెచ్చాను. హాట్‌బాక్సులో అన్నం చెమ్మగిల్లుతుందన్నాడు. ఒకదానికి జవాబు చెబితే ఇంకొకటి తయారు. చివరికి అడగడానికి ఏమీ మిగలక, "ముందు పండగ వెళ్ళనీ" అన్నాడు. పండగ వెళ్ళేలోపు ఏదో ఒకటి దొరుకుతుందని ఆయన ధీమా.

ఆయుధపూజ నాడు ఆయన పట్టుపంచె కట్టుకుని ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ గంధం, కుంకుమ పెట్టాడు. స్కూటరు, మిక్సీ, టీవీ, కుట్టు మిషను, టెస్టరు. నా ల్యాప్‌టాప్ కూడా తెచ్చి పీట మీద పెట్టమన్నాడు. "ఇంట్లోకి వచ్చాక అది మన యంత్రమే" అన్నాడు. పూజలో పెట్టిన వస్తువును ఆ రోజంతా ముట్టకూడదు. బ్యాటరీ ముందు రోజే అయిపోయింది కనుక మాకూ దానితో పని లేదు. అది చార్జరుతో సహా పూలు తలమీద పెట్టుకుని దేవుడి ముందు కూర్చుంది. అక్క ఆ రోజంతా బూరెల మూకుడు దగ్గరే ఉంది.

మర్నాడు పొద్దున చార్జరు పెట్టాను. ల్యాప్‌టాప్ మీద చార్జింగు లైటు వెలగలేదు. తీసి పెట్టాను, ప్లగ్గు మార్చాను, లేదు. చార్జరు పెట్టె మీద పచ్చ లైటు మాత్రం చక్కగా వెలుగుతోంది. అంటే గోడ నుంచి చార్జరు దాకా కరెంటు వస్తోంది, చార్జరు నుంచి మిషనులోకి దిగడం లేదు. అది కంపెనీ సొత్తు. ఆ మర్నాడే బాపట్లలో అక్క దానిమీద కొట్టి చూపించాలి.

బావ అప్పుడే కుర్చీ వేయించుకున్నాడు. "దీనిమీద ఎవరి చెయ్యి పడింది?"

"ఎవరి చెయ్యీ పడలేదు బావగారూ, నిన్నంతా పూజలోనే ఉంది కదా" అన్నాను.

ఆయన అక్క వైపు చూశాడు. "నేను కాదండి" అంది ఆమె.

అక్కడినుంచి ఆయన వైద్యం మొదలైంది. చార్జరు చివరనున్న పిన్నుకు టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలగలేదు. "చచ్చిపోయింది" అన్నాడు. ఆ పిన్నులో వచ్చే కొద్దిపాటి కరెంటుకు టెస్టరు వెలగదు బావగారూ, పెట్టె మీద లైటు చూడండి అన్నాను. "లైటు వెలగడం వేరు, కరెంటు రావడం వేరు. నీకు రొయ్యలు తెలుసు, రొయ్యల సంగతి చూసుకో" అన్నాడు. తర్వాత టీవీ స్టెబిలైజరుకు తగిలించాడు. తర్వాత త్రీపిన్ ప్లగ్గు ఊడదీసి టూపిన్ బిగించాడు, మళ్ళీ త్రీపిన్ బిగించాడు. చివరికి ఇంటి ఎర్తు ఎండిపోయిందని తేల్చాడు. పెరట్లో ఎర్తు గుంటలో ఉప్పు వేసి నీళ్ళు పోయాలట. నేను లేస్తే, "నువ్వు కాదు, అది పోస్తుంది" అని అక్కను పంపాడు. అక్క ఉప్పు డబ్బా చంకలో పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బకెట్ల కొద్దీ నీళ్ళు మోసింది. ఆయన అరుగు మీద నిలబడి చూశాడు. ఆ మనిషిని పట్టుకుని ఆ గుంటలోనే తోయాలనిపించింది నాకు.

పిట్టగోడ అవతలినుంచి మాస్టారు తొంగిచూసి, "ఏంటండి, పొద్దున్నే ఎర్తుకు నీళ్ళా?" అన్నారు. సంగతి విని, "చెల్లెమ్మ కంప్యూటరు ఉద్యోగానికి వెళ్తోందా! మంచి మాటండి" అని సంబరపడ్డారు. "చూద్దాం లెండి మాస్టారూ" అని బావ లోపలికి వచ్చేశాడు.

లైటు వెలగలేదు. బావ మళ్ళీ కుర్చీలో కూర్చుని మళ్ళీ మొదటికి వచ్చాడు. "నిజం చెప్పండి. దీనిమీద ఎవరి చెయ్యి పడింది?"

అక్క తడిసిన కుచ్చిళ్ళు పిండుకుంటోంది. ఆగి, తల ఎత్తకుండా అంది. "నాదేనండి. నిన్న మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు తెరిచాను. అలవాటు తప్పిపోతుందని కాసేపు కొట్టాను."

నేను నోరు తెరిచాను. నిన్న మధ్యాహ్నం ఆమె మూకుడు ముందు ఉంది, బూరెలు తిన్నది నేను, పైగా మిషనులో బ్యాటరీ అయిపోయి ఉంది. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది, నోరు మూసుకున్నాను.

బావ మొహం చూడాలి. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒకళ్ళు ఒప్పుకున్నారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పూజలో పెట్టిన వస్తువు! పైగా టైపు మిషను బాదినట్టు బాదుంటావు. లోపల తీగలు తెగిపోయాయి. ఇక ఇది లేవదు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, తృప్తి ఉంది.

నేనొక్కణ్ణే బాపట్ల వెళ్ళి మేనేజరుతో చెప్పుకుంటానన్నాను. "కుదరదు" అన్నాడు. "పాడుచేసింది ఎవరో వాళ్ళే వెళ్ళి చెప్పాలి. రేపు పొద్దున దీన్ని కూడా తీసుకెళ్ళు. చచ్చిన మిషను ఆయన ముందు పెట్టి నిలబడనీ. నాలుగు చీవాట్లు తింటేగానీ ఈ ఉద్యోగం పిచ్చి వదలదు." ఒక మనిషి భార్యను ఇంత ఆనందంగా అవమానానికి పంపడం నేను అంతవరకు చూడలేదు. రైలూ, భోజనం, చెమ్మగిల్లే అన్నం ఏవీ ఆయనకు అడ్డు రాలేదు. మర్నాడు అక్కను స్కూటరు మీద స్టేషనుకు తనే తెచ్చాడు. టికెట్లు తనే తీశాడు. కిటికీలోంచి అరటిపళ్ళు అందించి, "ఆయన ఏమన్నా తలొంచుకుని విను. ఎదురు చెప్పకు" అన్నాడు. ఈల వేయడం ఒక్కటే తక్కువ.

బండి కదిలింది. నేను ల్యాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని శవం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాను. నిడుబ్రోలు దాటాక అక్క ఒక పండు తిని, తొక్క కిటికీలోంచి పారేసి, "ఒరేయ్, ఆ మిషను ఇటివ్వు" అంది. పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసు ఒకటి తీసింది. ల్యాప్‌టాప్ వెనక్కి తిప్పి, చార్జరు పిన్ను దిగే కన్నాన్ని నాకు చూపించింది. లోపల పసుపుపచ్చగా గట్టిపడిన ముద్ద.

"గంధం" అంది. "కరెంటు దిగేచోటే యంత్రానికి ప్రాణం ఉంటుందని ఆయన నమ్మకం. బొట్టు అక్కడే పెడతారు."

"ఆగు, ముందు బ్యాటరీ తీయనీ" అని తీసి ఇచ్చాను. ఆమె పిన్నీసుతో మెల్లగా గోకుతూ, ఊదుతూ, మళ్ళీ గోకుతూ కూర్చుంది. పొడి చీర మీద రాలింది. చార్జరు పిన్ను కూడా కొంగుతో తుడిచింది.

"ఇదేనని నీకెలా తెలుసే?"

"ప్రతి దసరాకీ మిక్సీ ప్లగ్గుకు పెట్టిన గంధం ఎవరు గోకుతున్నారనుకున్నావు? ఆయన మిల్లుకు వెళ్ళగానే నాకు అదే పని."

"మరి నిన్న పొద్దున్నే చెప్పలేదేంటే? నేను నిన్నంతా చచ్చి బతికాను!"

"చెబితే నువ్వు శుభ్రం చేసేవాడివి. లైటు వెలిగేది. నేను ఇంట్లోనే ఉండేదాన్ని." కన్నంలోకి మరోసారి ఊదింది. "బాగుందని తెలిస్తే ఆయన ఇంకోటి వెతికేవారు. పాడైందని తెలిసింది కాబట్టి బండెక్కించారు. నువ్వు నిజంగా భయపడ్డావు కదా, నీ మొహం చూసే ఆయన పూర్తిగా నమ్మారు."

ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆమె తల వంచుకుని ఏం చేస్తోందో నాకు అప్పుడు తెలిసింది. కోపం కూడా వచ్చింది, బావ మీద. ఒక ఆడమనిషి చేయని తప్పు ఒప్పుకుంటేగానీ గడప దాటలేని ఇల్లు అది. అలాంటి ఇంటిని పద్ధతైన ఇల్లనుకుని మేమంతా పండగలకు వెళ్ళి బూరెలు తిని వచ్చాం.

"ఒకవేళ గంధం కాకపోతే?" అన్నాను, అప్పికట్ల దగ్గర.

"కాకపోతే చీవాట్లు తింటాను. నాకేం కొత్తా?" అంది. కానీ బాపట్లలో దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఆఫీసులో నేనే చార్జరు తగిలించాను. లైటు వెలిగింది. అక్క దాన్ని ఒక క్షణం చూసి, కొంగు నడుముకు దోపుకుని కుర్చీ ముందుకు లాక్కుంది. మేనేజరు ఒక చెరువు వివరాలు చదువుతూ ఉంటే ఆమె కొట్టింది. ఆయన చదవడం ఆపేలోపే ఆమె కొట్టడం అయిపోయింది. "ఏంటయ్యా, మిషన్లోంచి గంధం వాసన వస్తోంది!" అన్నాడు ఆయన. నేను దగ్గాను. సోమవారం నుంచి రమ్మన్నాడు.

సాయంత్రం తెనాలిలో దిగేసరికి బావ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. ఓదార్చడానికి సిద్ధమైన మొహంతో వచ్చాడు. పక్కన మాస్టారు కూడా ఉన్నారు, ఆ బండికే వాళ్ళ అమ్మాయి వస్తోందట. అక్క భర్త దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా మాస్టారి ముందుకు వెళ్ళి నమస్కారం పెట్టింది.

"బాపట్లలో ఉద్యోగం ఇచ్చారండి మాస్టారూ. ఈయనే పంపించారండి. నేను భయపడుతుంటే ఈయనే టికెట్టు తీసి బండెక్కించారు."

మాస్టారు బావ చేతులు రెండూ పట్టుకున్నారు. "చదువుకున్న మా ఇళ్ళల్లోనే పంపించరండి! మీరు చాలా గొప్ప పని చేశారు. రేపు బళ్ళో పిల్లలకు మీ గురించి చెబుతాను" అన్నారు.

బావ అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, నా భుజానికున్న సంచీ వైపు చూశాడు. ఏం జరిగిందో ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు, కానీ కొంత అర్థమైంది. నోరు తెరిచాడు. చేతులు మాస్టారి చేతుల్లో ఉన్నాయి. అక్క ఎప్పటిలాగే తల వంచుకుని నిలబడింది.

"అవునండి మాస్టారూ" అన్నాడు చివరికి. "నేనే పంపించాను."

ఇంటికి వెళ్ళే దారిలో అది ఎలా బాగైందని అడిగాడు. అక్కడ పెట్టగానే వెలిగిందండి అంది అక్క. తను ఎర్తు సరిచేశాడు కాబట్టి వెలిగిందన్నాడు. తెనాలి పెరట్లో పోసిన నీళ్ళకు బాపట్లలో లైటు వెలిగిందన్నమాట. అక్క అవునండి అంది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆయన ఈ కథ చెప్పని మనిషి లేడు. ఆడవాళ్ళు గడప దాటని రోజుల్లో భార్యను కంప్యూటరు ఉద్యోగానికి పంపిన మొగాడిని నేను అని పెళ్ళిళ్ళలో చెప్పాడు, మిల్లులో చెప్పాడు, నా ఎదురుగా నాకే చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క ఒక్కసారి కూడా కాదనలేదు. ఆయన ఆ మాట చెప్పుకున్నంతకాలం ఆమె పొద్దున్నే బండెక్కవచ్చు. చాలాకాలం చెప్పుకున్నాడు.